పెనం మీద గుండ్రటి గీతలు

లేత్ పని నేర్చుకునే కొత్తవాళ్ళు ఎప్పుడైనా నన్ను పట్టుకుని, "మీ సర్వీసులో బాగా చెడిపోయిన జాబ్ ఏది సార్?" అని అడుగుతారు. ఏ పంపు షాఫ్టో, ఏ మిల్లు గేరో చెబుతానని వాళ్ళ ఆశ. నేను దోసె పెనం అంటాను. నవ్వుతారు. నవ్వనిస్తాను. ముప్పై ఏళ్ళకు పైగా యంత్రం ముందు నిలబడ్డవాణ్ణి. కొలత తప్పి నేను పాడుచేసిన ఇనుము బండ్లకొద్దీ ఉంటుంది. అందులో ఏదీ నన్ను ఇంతగా వెంటాడలేదు. ఈ పెనం విషయంలో కొలత ఎక్కడా తప్పలేదు. వెంట్రుకవాసి తేడా లేకుండా చేశాను. తప్పంతా అక్కడే ఉంది.

తొంభైల నడిమి సంగతి. మా వర్క్‌షాపు నగర్తపేటలో ఒక సందు చివర. సందు మొదట్లో జరీ కొట్లు, నడుమ ఇళ్ళు, ఆ చివర మేము. మేస్త్రి, నేను, ఒక ఫిట్టరు, ఇంకో ముగ్గురు. ఆ ఏడాదే పెద్ద లేత్‌ను మేస్త్రి పూర్తిగా నా చేతికి అప్పగించాడు. రెండడుగుల చక్రం పట్టే మిషను. పొద్దున వచ్చి దానికి దండం పెట్టుకునేవాణ్ణి గానీ, నిజానికి దండం నాకు నేనే పెట్టుకుంటున్నానని ఇప్పుడు తెలుస్తోంది.

సందులోనే ఒక అవ్వ దోసెలు పోసేది. మా అందరి టిఫినూ అక్కడే. ఆమె పెనం పోత ఇనుముది, రెండడుగుల వెడల్పు, అర అంగుళం మందం. ఒక్కడు ఎత్తితే నడుము పట్టేస్తుంది. అవ్వకు అది వాళ్ళ అత్త ఇచ్చింది. అవ్వ కళ్ళకు పొర వచ్చి చూపు మందగించినా, పిండి పడిన చప్పుడు విని దోసె ఎంత కాలిందో చెప్పేది.

ఆ సందుకు ఏడాదికొకసారి సొంత పండగ ఉండేది. చలికాలంలో అనపకాయలు బస్తాలకొద్దీ దిగే రోజుల్లో ఒక ఆదివారం, దోసెల పండగ. ముందురోజు ఇంటింటి అరుగు మీద ఆడవాళ్ళూ మగవాళ్ళూ కూర్చుని నానిన గింజలు పితికేవారు. రెండు వేళ్ళ మధ్య నొక్కితే తొక్క చేతిలో మిగిలి పప్పు గిన్నెలోకి ఎగురుతుంది. కొన్ని ఎదుటి అరుగు మీది వాళ్ళ ముఖానికి తగులుతాయి. ఆ నవ్వులు మా మిషన్ల చప్పుడును దాటి వినిపించేవి. ఆదివారం పొద్దున ప్రతి ఇంటి నుంచీ ఒక చెంబు దోసెపిండి వస్తుంది. అన్నీ ఒకే గంగాళంలో పోసి కలుపుతారు. అవ్వ తన పెనం మీద మందంగా దోసె పోసి, పైన పితికిన పప్పు, సబ్బసిగె అనే సోయికూర ఆకు, పచ్చిమిరప ముక్కలు చల్లుతుంది. సందంతా ఆ ఒక్క పెనం మీది దోసె తింటుంది. కన్నడం వాళ్ళు, తెలుగు వాళ్ళు, అరవం వాళ్ళు, నమాజు చేసేవాళ్ళు, చర్చికి పోయేవాళ్ళు, అందరి పిండీ అందులోనే. దానికి ఒక్కటే కట్టుబాటు. గంగాళంలో పడ్డాక ఏ పిండి ఎవరిదని అడగకూడదు.

ఆ ఏడు పండగకు మూడు రోజుల ముందు అవ్వ మా షెడ్డుకు వచ్చింది.

"ఏమప్పా, పెనం అడుగు ఎక్కడో ఉబ్బి ఉండాది. పొయ్యి మీద పెడితే ఊగతాది. పిండి ఒక పక్కకే జారిపోతాది. సరి చేసిస్తావా?"

"దానికేమవ్వా, నున్నగా చేసిస్తా."

"నున్నగా వద్దప్పా. అడుగు మాత్రం సరి చెయ్యి. పైన చెయ్యి పెట్టొద్దు." రెండడుగులు పోయి మళ్ళీ తిరిగింది. "ఏం చెప్పినాను?"

"అడుగు మాత్రం."

"ఆఁ. మర్చిపోవద్దు."

శనివారం మధ్యాహ్నం పెనాన్ని లేత్ మీద తిరిగే పట్టులో, చక్‌లో బిగించాను. అడుగు భాగం గంటలో తేలిపోయింది. స్కేలు పెట్టి చూస్తే కింద వెలుతురు దూరలేదు. అక్కడితో ఆపి ఇంటికి పోయి ఉంటే ఈ కథ లేదు. పెనం తిప్పి చూశాను. పైన దశాబ్దాల నల్లటి పొర, అంచుల్లో పెచ్చులు, నడుమ అక్కడక్కడ మచ్చలు. నా కంటికి అది మురికిలా కనబడింది. మేస్త్రి ఆ పూట లేడు. ఫిట్టరు టీ తాగుతూ వచ్చి ఎగదోశాడు.

"పైన కూడా ఒక కోత వెయ్యప్పా. అద్దం మాదిరి చేసిస్తే అవ్వ దాంట్లో చూసుకుని తల దువ్వుకుంటాది."

పండగనాడు సందంతా చూస్తుండగా పెనం మీది గుడ్డ తీస్తే తళతళా మెరవడం, 'ఎవరు చేసినారు?' అని అందరూ అడగడం, నా కళ్ళ ముందు ఆడింది. తిప్పి బిగించాను. తిరుగుతున్న పెనానికి కోత టూలు ఆనగానే నల్లపొడి రాలింది. కింద నుంచి వెండిలాంటి ఇనుము బయటపడుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, నా జన్మలో అంత ఉత్సాహంగా ఇంకే కోతా వెయ్యలేదు.

మిషను ఆపిన తరవాత ఫిట్టరు దగ్గరికి వచ్చి వేలితో తాకాడు. వాడి ముఖంలో నవ్వు పోయింది.

"ఏందప్పా, నిజంగానే చేసేసినావా? నేను సుమ్మనె తమాషాకి అన్నాను కదా. మా ఇంట్లో కొత్త పెనం తెస్తే నెల రోజులు దోసె లేవదు. ఆ నలుపు ఉంటేనే అది పెనం."

నాకు తెలియదా? మా అమ్మ పెనాన్ని సబ్బుతో తోమనిచ్చేది కాదు. తెలిసిన సంగతే, ఆ గంటసేపు మిషను చప్పుడులో వినబడలేదు.

అప్పుడైనా అవ్వ దగ్గరికి పరుగెత్తి ఉండాలి. సాయంత్రమూ ఉంది, పొద్దునా ఉంది, సందులో ఇంటింటికీ పెనాలున్నాయి. నేను ఏం చేశానంటే, షెడ్డులోని కొలిమి రాజేసి, పెనం వేడి చేసి, వేరుసెనగనూనె పూసి పొగబెట్టాను. అరగంటకు అది మళ్ళీ నల్లబడింది. చూసేవాళ్ళకు పాత పెనమే. చూపు సరిగా లేని అవ్వను మోసం చేయడానికి నేను పడ్డ ఆ శ్రమలో పావువంతు నోరు తెరవడానికి పడలేదు. ఫిట్టరు చేత ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నాను.

ఆదివారం పొద్దున సందు సందులా లేదు. తోరణాలు, కొబ్బరి చట్నీ రుబ్బే రోళ్ళ మోత, సబ్బసిగె వాసన. జరీ కొట్టు గుమస్తా ఒకడు సన్నాయి తెచ్చాడు. వాడికి వచ్చింది ఒక్కటే పాట, దాన్నే వాయిస్తున్నాడు. నేనూ ఫిట్టరూ పెనం మోసుకొచ్చి పొయ్యి మీద పెట్టాము. కదల్లేదు, ఊగలేదు. అవ్వ అంచు పట్టుకుని ఊపి చూసి, "భేష్ అప్పా" అంది. నేను కట్టెలు సర్దుతున్నట్టు వంగాను.

ఇంటింటి చెంబులూ వచ్చాయి. చివరగా వచ్చింది ఒక కొత్త కోడలు. రెండు నెలల కింద వరంగల్లు వైపు నుంచి వచ్చి సందులో కాపురం పెట్టింది. భర్త జరీ కొట్లో పని. ఆమెకు ఇదే మొదటి పండగ. చెంబు చుట్టూ పసుపు రాసి బొట్టు కూడా పెట్టి తెచ్చింది. మెంతులు కాస్త ఎక్కువ వేసిందేమో, పిండి పసుప్పచ్చగా ఉంది. గంగాళంలో పడగానే అందరికీ తెలిసింది. అవ్వ కలిపి, పెనం మీద నీళ్ళు చిలకరించి, చుయ్యిమన్న చప్పుడు విని, మొదటి గరిటె పోసింది.

దోసె లేవలేదు.

"మొదటిది కదా" అన్నారు ఎవరో. రెండోది పోసింది. అట్లకాడ కింద నలిగి ముద్దయింది. మూడోది పెనానికి కరుచుకుని మాడింది. సన్నాయి ఆగిపోయింది. ఆకులు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు.

"చెయ్యి వణకతా ఉండాదేమో అవ్వకు" అన్నాడు ఒకడు మెల్లగా. ఆ మాట అవ్వకు వినపడింది. ఆమె గరిటె చేతినే చూసుకుంటూ ఉండిపోయింది. వెనక నుంచి ఒకావిడ అందుకుంది.

"అవ్వ చెయ్యి కాదప్పా. ఆ పచ్చ పిండి పడినాకే ఇట్లయింది. ఏం కలిపినారో ఏమో."

ఎన్నేళ్ళ కట్టుబాటో ఆ ఒక్క మాటతో తెగిపోయింది. అందరూ ఆ అమ్మాయి వైపు తిరిగారు.

"నేనేం కలపలే అక్కా" అంది ఆమె. "పొద్దుగాల మా ఇంట్ల పోసి చూసిన. మంచిగనే లేచింది."

"మీ పక్క వేరే రకం పోస్తారేమోలే."

"గదే బియ్యం, గదే మినప్పప్పు. వేరే ఏముంటది?"

ఆమె తన ఖాళీ చెంబు తీసుకుని, బొట్టు పెట్టిన వైపు కొంగుతో కప్పుకుని ఇంట్లోకి పోయింది. తలుపు మెల్లగానే వేసింది. గట్టిగా వేసి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

నేను పొయ్యికి మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నోటి దాకా వచ్చింది, మింగాను. ఇంకో దోసె లేస్తుందేమో, ఇంకోటి లేస్తుందేమో అని చూస్తున్నాను. ఒక మనిషిని నిందలోకి తోసి, దోసె మీద భారం వేసి నిలబడ్డవాణ్ణి అన్నమాట. ఫిట్టరు నా వైపు చూడకుండా ఆకాశం చూస్తున్నాడు.

అవ్వ మాడిన పిండిని అట్లకాడతో గట్టిగా గీకసాగింది. గీకేకొద్దీ నేను పొగబెట్టిన పలచని నలుపు ఊడి వస్తోంది. కింద తెల్లటి ఇనుము, దాని మీద నడుమ నుంచి అంచు దాకా సన్నటి గుండ్రటి గీతలు, లేత్ టూలు వదిలిన జాడలు. మా పనివాళ్ళకు అది సంతకంతో సమానం. ఆకు పట్టుకుని వరసలో నిలబడ్డ మేస్త్రి ముందుకు వచ్చి వంగి చూశాడు. తరవాత నన్ను చూశాడు.

"చెప్తావా, నేను చెప్పాల్నా?"

"నేనే అవ్వా" అన్నాను. "పిండిది కాదు తప్పు, నీ చేతిది కాదు. పైన కూడా కోసేసినాను. అది తప్పని నిన్ననే తెలిసింది. తెలిసి నలుపు పూసి తెచ్చినాను."

అవ్వ పొయ్యిలోంచి కట్టెలు వెనక్కి లాగి, కొంగు తడిపి పెనం మీద అద్ది, వేడి తగ్గిన చోట వేళ్ళతో తడిమింది. గీతలు తగిలాయి. చాలాసేపు తడిమింది.

"మా అత్త పోసిన నూనె ఉండింది దీని మీద" అంది. "ఎంతసేపు పట్టిందప్పా తీసేదానికి?"

"గంట."

"గంటా." తల ఊపింది. తిట్టి ఉంటే తల వంచుకుని పడేవాణ్ణి. ఆమె తిట్టలేదు. వరస వైపు తిరిగి గొంతు పెంచింది. "ఇంకేం చూస్తా నిలబడినారు? మీ ఇండ్లల్లో పెనాలు లేవా? తీసుకురాండి. పిండి పులిసిపోతా ఉండాది. ఉల్లిగడ్డలు తేండి, నూనె తేండి. నువ్వు," అంది నన్ను, "ముందు పోయి ఆ పాపను పిల్చుకురా. ఆమె రాకపోతే ఈ గంగాళం ముట్టను."

తలుపు కొట్టాను. సగం తెరిచింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"తప్పు నాదమ్మా. పెనం నేనే పాడుచేసినాను. రండి."

"అందరి ముందట చెప్పిన్రా?"

"చెప్పినాను."

"నేను లేనప్పుడు చెప్తే నాకేం ఎరుక? మళ్ళ చెప్పుండ్రి. నేను వింట."

ఆమె వెనక నేను నడిచాను. పొయ్యి దగ్గర నిలబడి రెండోసారి చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారి కన్నా పది రెట్లు కష్టం. పిండి గురించి నోరు జారిన ఆవిడ వచ్చి ఆ అమ్మాయి చేతిలోని చెంబు తీసుకుంది. "నా నాలుకను పెనం మీద పెట్టాల" అంది. "పెట్టకక్కా, అది కూడా అంటుకుంటాది" అన్నాడు ఫిట్టరు. అందరూ పకపకా నవ్వారు. పండగ మళ్ళీ ఊపిరి తీసుకుంది.

ఆ తరవాత ఒక గంట నేను చూసిన సందడి మళ్ళీ చూడలేదు. కిరోసిన్ స్టవ్‌లు, బొగ్గుల కుంపట్లు, మూడు రాళ్ళ పొయ్యిలు, ఏది దొరికితే అది గడపల ముందుకు వచ్చాయి. సందు ఈ చివర నుంచి ఆ చివర దాకా రెండు పక్కలా పొయ్యిలు. గంగాళంలోంచి గిన్నెలతో పిండి పరుగులు పెడుతోంది. "మాకు పప్పు రాలేదు", "ఇక్కడ మిరపకాయలు", "తిప్పు తిప్పు, మాడతా ఉండాది" అని నాలుగు భాషల్లో కేకలు. వేరే పెనం మీద ఆ పచ్చటి పిండి జాలీలా పొంగి, అంచులు ఎర్రబడి, చెయ్యి వేయకుండానే లేచి వస్తోంది. సన్నాయి గుమస్తా తనకు వచ్చిన ఒక్క పాటనే రెట్టింపు వేగంతో అందుకున్నాడు. అంతకు ముందు ఆ పండగలో సందంతా తినేది, అవ్వ ఒక్కతే పోసేది. ఆ రోజు సందంతా పోసింది.

నాకు మాత్రం వేరే పని పడింది. నడుమ ఆ పెద్ద పెనం ముందు కూర్చోబెట్టి, సగానికి కోసిన ఉల్లిగడ్డను ఫోర్కుకు గుచ్చి నా చేతికిచ్చింది అవ్వ. నూనె వెయ్యి, రుద్దు, పొగ రానీ, తుడువు, మళ్ళీ నూనె. చేతుల వెంట్రుకలు కాలాయి, కళ్ళు మండాయి. నాలుగైదు పూతలకొకసారి అవ్వ ఒక దోసె పోసేది. అది చిరిగేది.

"ఎవురు తింటారు దీన్ని?" అనేది అవ్వ.

"నేనే" అనేవాణ్ణి.

మేస్త్రి నా పక్కన పీట వేసుకుని, తన ఆకులో నాలుగు చక్కటి దోసెలు పెట్టుకుని నిదానంగా తింటూ కూర్చున్నాడు. "కొలత కరెక్టుగా ఉండాదప్పా పెనం" అన్నాడు మధ్యలో ఒకసారి. "ఎక్కడా తప్పు పట్టలేం." ఆయన దగ్గర పనిచేసినన్నాళ్ళలో నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే అనుకుంటాను.

పొద్దు నడినెత్తికి వచ్చాక అవ్వ గరిటె ఆ అమ్మాయి చేతికిచ్చింది. "నువ్వు పొయ్యమ్మా. నీ పిండి కదా."

"అందరి పిండి గద అవ్వా" అంది ఆమె.

అవ్వ నొసలు తట్టుకుని, "అవును. మర్చిపోతిమి" అంది.

ఆమె పోసింది. అవ్వ కళ్ళు మూసుకుని చెవి వాల్చింది. చుయ్యిమన్న చప్పుడు మెల్లమెల్లగా సన్నగిల్లింది. "ఇప్పుడు" అంది అవ్వ. అట్లకాడ కిందికి దూరింది. ఒక అంచు కాస్త కరుచుకుంది, మిగతాదంతా లేచింది. సందు మొత్తం కేక వేసింది. నేను వేయలేదు. నా నోటి నిండా చిరిగిన దోసె ఉంది.

ఒక్క పూటలో పెనం బాగుపడిందని మీరు అనుకోకూడదు. మర్నాటికి మళ్ళీ అంటుకుంది. నెలకు పైగా అవ్వ అరువు తెచ్చిన చిన్న పెనం మీద వ్యాపారం చేసింది. ఒక్కో దోసెకు ఆలస్యమై, ఓపిక లేని గిరాకీలు పక్క హోటలుకు పోయారు. వాళ్ళలో కొందరు మళ్ళీ రాలేదు. అది నా ఖాతాలోదే. రోజూ షిఫ్టుకు గంట ముందు పోయి పెద్ద పెనానికి నూనె పట్టించేవాణ్ణి. ఒక రోజు అవ్వ, "అడుగు బాగా చేసినావప్పా. ఇప్పుడు పిండి పక్కకు జారతా లేదు. అది కూడా చెప్పాల కదా" అంది. తిట్టు కోసం నెల రోజులు ఎదురుచూసినవాడికి ఆ మాట ఎంత తగిలిందో మీకు చెప్పలేను.

మరుసటి ఏడు పండగలో మొదటి దోసె, పెనం ఇంకా సరిగా కాగక, చిరిగింది. అవ్వ దాన్ని ఎత్తి, "ఇది లేత్ ఆయనది" అని నా ఆకులో వేసింది. అందరూ నవ్వారు. ఆ తరవాత అదే ఆచారమైపోయింది. చిరిగిన మొదటి దోసె నాది. వాయిదా లేదు, మినహాయింపు లేదు.

రెండువేల సంవత్సరం దాటాక అవ్వ పెనాన్నీ గరిటెనూ వరంగల్లు కోడలికే అప్పగించి కూర్చుంది. కొన్నాళ్ళకు పోయింది కూడా. మా షెడ్డు మూతపడి, నేను మారతహళ్ళి వైపు ఒక ఫ్యాక్టరీలో చేరి, అక్కడే అద్దె ఇంట్లో ఉన్నాను. అయినా పండగనాడు రెండు బస్సులు మారి నగర్తపేట చేరేవాణ్ణి. కొత్తవాళ్ళకు పని అప్పగించేటప్పుడు నేను ముందు అడిగేది డ్రాయింగు కాదు, 'ఏం చెప్పినాను?' అనే అవ్వ ప్రశ్న. ఎందుకడిగేవాణ్ణో ఇప్పుడు మీకు తెలిసింది.

నేను రిటైరైన ఏడాది వెళ్ళినప్పుడు పెనం పొయ్యి మీద బాగా కాగి ఉంది. నల్లగా, నిగనిగలాడుతూ, పాతదానికన్నా అందంగా. వంగి చూశాను. గుండ్రటి గీతలు ఎక్కడా లేవు. వరంగల్లు కోడలు మొదటి గరిటె పోసింది. దోసె పొంగింది, అంచులు ఎర్రబడ్డాయి, అట్లకాడ తగలకముందే వదులై కదిలింది. ఎన్నడూ లేనిది, మొదటి దోసె చంద్రుడిలా నిండుగా లేచింది. చుట్టూ ఉన్నవాళ్ళు నన్ను చూశారు. ఇక నీకు శిక్ష తీరిపోయింది అన్నట్టు ఎవరో భుజం తట్టారు. నాకు మాత్రం ఏదో చెయ్యి జారిపోయినట్టు అనిపించి, చిరగనిది నాది కాదు కదా అని ఆకు వెనక్కి తీసుకోబోయాను.

ఆమె ఆ దోసెను ఒకసారి చూసింది. నన్నొకసారి చూసింది. అట్లకాడతో దాన్ని నడిమికి చీల్చి, రెండు ముక్కలూ నా ఆకులో వేసింది.

"తినుండ్రి అన్నా" అంది. "చల్లారుతది."